చెప్పింది రాసిపెట్టుకోవాలి

నేను కోయవాడినని తెలియగానే కొందరు నవ్వుతూ అరచెయ్యి చాపుతారు. "దొరా, మా చెయ్యి చూసి చెప్పు" అంటారు. టీచర్ ట్రైనింగ్ చదివే రోజుల్లో హాస్టల్లో ఇది మామూలే. ఉద్యోగంలో చేరాక మీటింగులకు పోయినప్పుడూ విన్నాను. బస్టాండుల్లో, సంతల్లో నెమలీకలు కట్టుకుని, వేర్లూ మూలికలూ ముందు పరుచుకుని కోయదొర జోస్యం చెప్పేవాళ్లను చూసి, సినిమాల్లోనూ అదే వేషం చూసి, కోయ అంటే రేపటి సంగతి చెప్పేవాడని జనంలో ఒక ముద్ర పడిపోయింది. ఆ పని చేసుకుని బతికేవాళ్లను నేనేమీ అనను. మా ఊళ్లో మాత్రం జాతకం చెప్పేవాడు ఒక్కడూ లేడు. పోడు చేసుకునేవాళ్లు, తునికాకు కోసేవాళ్లు, ఇప్పపువ్వు ఏరేవాళ్లు, మిరప కోతలకు పోయేవాళ్లు, నాలాంటి ఒకరిద్దరు ఉద్యోగస్తులు, అంతే.

అయితే కొన్నేళ్లుగా మా ఊరి కుర్రాళ్లు నన్ను నిజంగానే జోస్యం అడుగుతున్నారు. "సార్, రేపు ఎవరు గెలుస్తడు?" అని. ఎన్నికల గురించి కాదు, క్రికెట్ గురించీ కాదు. మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ పోటీల గురించి.

తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు. బాక్సింగ్, కుస్తీ, జూడో, కాళ్లతో తన్నే కిక్ బాక్సింగ్, కింద పడేసి మెడో చెయ్యో బిగించే జియుజిట్సు, ఇవన్నీ కలిసిన ఆట ఇది. వలలాంటి కంచె కట్టిన ఎనిమిది మూలల బరిలో ఇద్దరే ఉంటారు. రౌండు 5 నిమిషాలు. మామూలు పోటీ 3 రౌండ్లు, టైటిల్ పోటీ 5 రౌండ్లు. ఎదుటివాడు దెబ్బ తిని ఇక పోరాడలేకపోతే గెలుపు, పట్టు భరించలేక చేత్తో తట్టి ఒప్పుకుంటే గెలుపు. రెండూ జరగకపోతే ముగ్గురు జడ్జీలు రౌండు రౌండుకూ మార్కులు వేస్తారు. రౌండు గెలిచినవాడికి 10, ఓడినవాడికి 9 లేదా అంతకన్నా తక్కువ. ఈ ఆటలో పెద్ద సంస్థ అమెరికాలోని యూఎఫ్‌సీ. అక్కడ శనివారం రాత్రి జరిగే పోటీ మనకు ఆదివారం పొద్దున. కుర్రాళ్లు ఊరి వెనక గుట్టెక్కుతారు, సిగ్నల్ అక్కడే దొరుకుతుంది. ఒక ఫోను చుట్టూ ఎనిమిది తలకాయలు.

ఇది వాళ్లకెందుకు నచ్చిందో నాకు అర్థమైంది. ఇక్కడ జట్టు లేదు, జట్టులోకి ఎంపిక చేసే పెద్దమనిషి లేడు. లోపలికి పోయినాక ఎవడి ఒళ్లు వాడిదే. 2024 జూన్‌లో ఉత్తరప్రదేశ్ ముజఫర్‌నగర్ జిల్లా నుంచి వచ్చిన పూజా తోమర్ యూఎఫ్‌సీలో గెలిచిన మొదటి భారతీయ మహిళ అయినప్పుడు గుట్ట మీద ఈలలు మా ఇంటిదాకా వినబడ్డాయి.

ముందుగా గెలుపు చెప్పడం మా ప్రాంతానికి కొత్తేమీ కాదు. కోడిపందేలున్న ప్రతి చోటా కోడిని చూసి చెప్పే పెద్దమనిషి ఒకడుంటాడు. మా ఊళ్లోనూ ఒక తాత ఉండేవాడు. డేగ, కాకి, నెమలి, కక్కెర అని ఈకల రంగును బట్టి, వారాన్ని బట్టి, దిక్కును బట్టి ఏది గెలుస్తుందో కుక్కుట శాస్త్రం చెబుతుందంటారు. తాత పదిమందిలో అదే చెప్పేవాడు. ఒంటరిగా అడిగితే వేరే మాట చెప్పేవాడు. "రంగు చూడకురా, కాలు చూడు. నిలబడ్డప్పుడు బరువు ఎటు వేస్తోందో చూడు. పోయినసారి దెబ్బ ఎక్కడ తగిలిందో అడుగు. ఎన్నాళ్లు మేపిండో అడుగు" అనేవాడు.

ఈ పోటీల్లోనూ సరిగ్గా రెండు రకాల మాటలున్నాయి. టీవీలో పెద్ద అక్షరాలతో చూపించేది ఎత్తు, చేతుల పొడవు, వయసు, ఎన్ని గెలిచాడు ఎన్ని ఓడాడు అన్న లెక్క. అది ఈకల రంగు. పనికిరాదని కాదు, దాంట్లో ఉన్నది తక్కువ. పనికొచ్చే ప్రశ్నలు వేరే. గెలిచినవి ఎవరి మీద? నిలబడి కొట్టేవాడా, కింద పడేసి పట్టేవాడా? ఎదుటివాడి ఆట ఏది? పోటీకి ఎన్ని రోజుల ముందు ఒప్పుకున్నాడు? బరువు తగ్గడానికి ఒంట్లో నీళ్లు ఎంత పిండుకున్నాడు? బరువు చూసేది ముందు రోజు. ఆ తర్వాత నీళ్లు తాగి, తిండి తిని మళ్లీ బరువు పెరిగి బరిలోకి దిగుతారు. ఆ ఒక్క రోజులో ఒళ్లు తిరిగి కోలుకున్నదా లేదా అన్నది ఏ పట్టికలోనూ రాయరు.

ఒక ఉదాహరణ నేను పిల్లలకు ఎప్పుడూ చెబుతాను. 2015 నవంబరులో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో రోండా రౌసీకీ హాలీ హోమ్‌కీ టైటిల్ పోటీ. రౌసీ 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో జూడో కాంస్యం గెలిచిన మనిషి. అప్పటిదాకా 12 పోటీలు ఆడి 12 గెలిచింది. అంతకుముందు మూడు పోటీలు 16 సెకన్లు, 14 సెకన్లు, 34 సెకన్లలో ముగించింది. హోమ్ గెలుస్తుందని చెప్పినవాళ్లు బహు తక్కువ. రెండో రౌండు మొదటి నిమిషంలోనే హోమ్ ఎడమకాలు రౌసీ మెడ మీద పడింది. పోటీ ముగిసింది.

ఆ మూడు పోటీలూ కూడి చూడమంటాను. మొత్తం 64 సెకన్లు. చూసేవాళ్లకు అది గొప్పతనం. లెక్క వేసేవాళ్లకు అది తక్కువ సమాచారం కూడా. దూరంగా జరుగుతూ, దొరక్కుండా, ముఖం మీద గుద్దుతూ ఉండే మనిషితో 5 నిమిషాలు గడపాల్సివస్తే రౌసీ ఏం చేస్తుందో ఆ 64 సెకన్లు చెప్పవు. హోమ్ అంతకుముందు బాక్సింగ్‌లో ప్రపంచ చాంపియన్. దూరం ఉంచుకోవడమే ఆమె చదువు. ఆ సంగతి ఎవరూ దాచలేదు, అందరి ముందూ ఉంది.

దాగి ఉండే సంగతులూ ఉంటాయి. 2016 జూన్‌లో మైకేల్ బిస్పింగ్ మూడు వారాలు కూడా లేని వ్యవధిలో టైటిల్ పోటీకి దిగాడు. వయసు 37. ఎదుట లూక్ రాక్‌హోల్డ్, ఏడాదిన్నర కిందట అతన్ని ఓడించినవాడే. బిస్పింగ్ మొదటి రౌండులోనే రాక్‌హోల్డ్‌ను పడగొట్టాడు. తన కుడి కన్ను అప్పటికే చూపు పోయిందని అతను తర్వాత బయటపెట్టాడు. ఆ రోజు ఈ సంగతి తెలిసి ఉంటే జోస్యం చెప్పేవాళ్లు అతని గెలుపు అవకాశాన్ని ఇంకా తగ్గించేవాళ్లు. అంటే ఎక్కువ తెలిసినవాడు ఆ రోజు ఇంకా ఎక్కువగా పొరబడేవాడన్నమాట. ఈ మాట చెప్పినప్పుడు పిల్లలు చాలాసేపు నవ్వరు, ఆలోచిస్తారు.

మరొకటి, 2022 ఆగస్టులో సాల్ట్ లేక్ సిటీలో జరిగింది. కమారు ఉస్మాన్ యూఎఫ్‌సీలో అప్పటిదాకా ఒక్కటీ ఓడలేదు. జమైకాలో పుట్టి ఇంగ్లండ్‌లో పెరిగిన లియాన్ ఎడ్వర్డ్స్‌ను 2015లోనే ఒకసారి ఓడించాడు. నాలుగు రౌండ్లు అయ్యేసరికి జడ్జీల లెక్కలో ఉస్మానే ముందున్నాడు. చివరి రౌండులో ఇక 56 సెకన్లు మిగిలి ఉండగా ఎడ్వర్డ్స్ కాలు ఉస్మాన్ తలకు తగిలింది. 24 నిమిషాల పైచిలుకు నిజమైన జోస్యం, ఒక్క సెకనులో అబద్ధమైంది. అప్పుడు మా గుట్ట మీద ఒకడు "సార్, ఉస్మాన్ అన్నోళ్లంతా పిచ్చోళ్లేనా?" అని అడిగాడు. కాదన్నాను. నూటికి 75 ఉస్మాన్‌దే అన్నవాడు, మిగతా 25 ఎడ్వర్డ్స్‌కు ఇచ్చినట్టే కదా. అలాంటి పోటీలు నాలుగు జరిగితే ఒకటి ఇలా కావాలి. ఎప్పుడూ కాకపోతేనే వాడి లెక్క తప్పు.

ఇక పూజా తోమర్ పోటీ సంగతి. ఒక జడ్జి ఆమెకు 30-27 ఇచ్చాడు, అంటే మూడు రౌండ్లూ ఆమెవే. ఇంకొక జడ్జి 27-30 ఇచ్చాడు, అంటే మూడు రౌండ్లూ ఎదుటి బ్రెజిల్ అమ్మాయివే. మూడో జడ్జి 29-28 అనడంతో పూజ గెలిచింది. పోటీ అయిపోయింది, జడ్జీలు బరి పక్కనే కూర్చుని చూశారు, అయినా జరిగిందేమిటో ముగ్గురికీ ఒక్కలా కనబడలేదు. జరిగినదాన్నే ఒప్పుకోలేని చోట, జరగబోయేదాన్ని నూటికి నూరు చెప్పేవాడిని ఎంత నమ్మాలి?

ఇదంతా సరదా కబురే అయ్యుంటే నేను ఈ వ్యాసం రాసేవాడిని కాదు. మా అక్క కొడుకు, నాకు మేనల్లుడు, ఇంటర్ అయ్యాక ట్రాక్టరు మీద పనికి పోతుండేవాడు. ఎవరో వాడి ఫోనులో పందెం యాప్ ఒకటి పెట్టి, మన రాష్ట్రం కనబడకుండా చేసే ఉపాయం కూడా నేర్పారు. మొదట రెండు వందలు పెడితే నాలుగు వందలొచ్చాయి. ఆ వేసవిలో మా అక్క తునికాకు డబ్బులు బ్యాంకులో పడ్డాయి. 50 ఆకులకు ఒక కట్ట. ఎండలో వంగి కోసి, రాత్రి దీపం ముందు కూర్చుని పేర్చి, నారతో కట్టిన కట్టలవి. పదకొండు వేలు మూడు ఆదివారాల్లో పోయాయి. మా అక్క నా ముందు ఏడవలేదు. "తమ్ముడూ, వాడు ఏం లెక్క చూసి పెట్టిండో నాకు చెప్పు, ఆకు లెక్క నాకు తెలుసు, ఈ లెక్క నాకు తెలియదు" అంది.

ఆ లెక్క నేను వాడినీ వాడి జట్టునూ కూర్చోబెట్టి పలకమీద వేశాను. యాప్‌లో ఒకడికి 1.25, ఇంకొకడికి 3.60 అని ఉంటుంది. అంటే వంద పెడితే, గెలిచినప్పుడు చేతికొచ్చేది 125 లేదా 360. ఒకటిని 1.25తో భాగిస్తే నూటికి 80. ఒకటిని 3.60తో భాగిస్తే నూటికి 28కి కాస్త తక్కువ. రెండూ కూడితే దాదాపు 108. ఇద్దరిలో ఒకడే గెలిచేచోట నూటికి 108 ఎక్కడిది? ఆ పైనున్న 8 యాప్‌వాడి కూలి. ఎవరు గెలిచినా వాడికి ప్రతి నూరులో ఏడు రూపాయలపైన మిగిలేలా కట్టిన లెక్క అది. సంతలో తక్కెడ కింద రాయి పెట్టేవాడిని మనం గుర్తుపడతాం. ఈ రాయి అంకెల్లో ఉంది కాబట్టి కనబడదు.

రెండో లెక్క. మేనల్లుడు ఐదుగురు 'ఖాయం' ఫైటర్లను కలిపి ఒకే పందెం కాసేవాడు. ఐదుగురూ గెలిస్తేనే డబ్బు. ఒక్కొక్కడికీ నూటికి 80 అవకాశం ఉందనుకుందాం. ఐదుగురూ గెలిచే అవకాశం ఎంత? 0.8ని ఐదుసార్లు హెచ్చించండి. 0.33 కూడా రాదు. మూడుసార్లు కాస్తే రెండుసార్లు పోయే పందేన్ని వాడు ఖాయం అనుకున్నాడు. హెచ్చవేత వాడికి వచ్చు. ఇక్కడ హెచ్చవేయాలని ఎవరూ చెప్పలేదు.

పైగా మనకు తెలియనిది తెలిసినవాళ్లు ఆటలోనే ఉంటారు. 2022 నవంబరులో ఒక పోటీకి కొన్ని గంటల ముందు అంకెలు ఒక్కసారిగా ఒకవైపు వాలిపోయాయి. ఆ ఫైటర్ కాలి గాయంతో మొదటి రౌండులోనే ఓడాడు. తర్వాత నెవాడా రాష్ట్ర అథ్లెటిక్ కమిషన్ అతనినీ అతని కోచ్‌నీ సస్పెండ్ చేసింది. లోపలివాడికి తెలిసిన గాయం మన గుట్ట మీదికి ఏ సిగ్నల్‌లో వస్తుంది?

చట్టం సంగతి కూడా చెప్పాను. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ పందేలను నిషేధించాయి. 2025 ఆగస్టులో కేంద్రం కూడా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. కానీ చట్టం యాప్‌ను ఆపుతుంది, ముందే చెప్పాలన్న ఆశను ఆపదు. ఆటను చూడవద్దంటే గుట్టకు అటువైపు పోయి చూస్తారు. అందుకని వాళ్ల చేతికి రెండు వందల పేజీల నోటుబుక్కు ఒకటి ఇచ్చాను.

నియమాలు ఐదే. శనివారం రాత్రి పడుకోబోయే ముందు రాయాలి. ఎవరు గెలుస్తారో, నూటికి ఎంతో అంకె వేయాలి. ఎందుకో రెండు వాక్యాలు రాయాలి. ఆదివారం మధ్యాహ్నం అందరి ముందూ సరిచూడాలి. డబ్బు మాట ఎత్తకూడదు.

మార్కులకు ఒక పద్ధతి ఉంది. గ్లెన్ బ్రయర్ అనే అమెరికా వాతావరణ శాస్త్రవేత్త 1950లో వాన జోస్యాలను సరిచూడటానికి ఇచ్చిన పద్ధతి, దాన్ని నేను వందల్లోకి మార్చాను. నూటికి 70 అన్నావు, వాడు గెలిచాడు. తేడా 30. ముప్ఫై ముప్ఫైలు 900. వాడు ఓడితే తేడా 70, డెబ్బై డెబ్బైలు 4,900. ఇవి తప్పు మార్కులు, తక్కువ వచ్చినవాడే గొప్ప. ఎప్పుడూ 50 అనేవాడికి ప్రతిసారీ 2,500.

ఇప్పుడు చూడండి. పది పోటీల్లో ఏడు సరిగ్గా చెప్పినవాళ్లు ఇద్దరున్నారు. ఒకడు ప్రతిసారీ నూటికి నూరు అని అరిచాడు. వాడు తప్పిన మూడింటికీ పదేసి వేలు, సగటు 3,000. రెండోవాడు ప్రతిసారీ 70 అన్నాడు. వాడి సగటు 2,100. ఇద్దరూ చెప్పింది ఒకటే, సరైనవీ అన్నే. కానీ గట్టిగా అరిచినవాడు, ఏమీ తెలియదని 50 వేసినవాడికన్నా కింద ఉన్నాడు. ఈ లెక్క వేసిన రోజు గుట్ట మీద గోల కాస్త తగ్గింది. మంచి మార్కులు తెచ్చుకున్నది ఎవరంటే, అన్న వెంట వచ్చి ఒక మూల కూర్చునే ఇంటర్ అమ్మాయి. ఆమె 90 అని ఎప్పుడూ రాయలేదు. కారణం దగ్గర "బరువు చూసేటప్పుడు ముఖం పీక్కుపోయి ఉంది" లాంటి మాటలు రాసేది. మా తాత చూసిన చూపు అది.

నోటుబుక్కు నిండుతున్నకొద్దీ నాకు మా స్కూలు స్టాఫ్‌రూము గుర్తుకొచ్చేది. ప్రతి జూన్‌లో మేమూ జోస్యం చెబుతాం. "వీడు మిరప కోతల దాకా కూడా ఉండడు." "ఈ అమ్మాయికి ఎనిమిది దాటితే పెళ్లే." "కోయపిల్లలకు లెక్కలు రావు." ఇరవై ఏళ్లుగా ఈ మాటలు వింటున్నాను. చిన్నప్పుడు నా గురించే విన్నాను. నూటికి ఎంత అని ఎవరూ అంకె వేయరు. కారణం రాయరు. ఏప్రిల్‌లో పుస్తకం తెరిచి సరిచూసుకోరు. పిల్లవాడు మానేస్తే "నేను ముందే చెప్పానుగా" అంటారు. పిల్లవాడు పది పాసైతే ఆ మాట అన్నది ఎవరికీ గుర్తుండదు. నూటికి నూరు అని అరిచి, తప్పు మార్కులు లేకుండా ఉద్యోగం చేసుకునే వీలు మాకొక్కరికే ఉన్నట్టుంది.

పైగా ఒక పెద్ద తేడా ఉంది. మా గుట్ట మీద ఎవడు ఏమనుకున్నా లాస్ వేగాస్‌లో ఫైటర్‌కు అది వినబడదు. వాడి కాలు వాడిదే. తరగతిలో అలా కాదు. ఉండడు అనుకున్న పిల్లవాడిని వెనక వరసలో కూర్చోబెడతారు. బోర్డు దగ్గరికి పిలవరు. రెండు రోజులు రాకపోతే ఇంటికి కబురు పంపరు. మన జోస్యం పిల్లవాడి ఒంట్లోకి పోయి దాన్ని నిజం చేస్తుంది. ఇంట్లో కోయ మాట్లాడే ఆరేళ్ల పిల్ల తెలుగు పాఠానికి జవాబు చెప్పలేక నిలబడితే, ఆ ఒక్క నిమిషం చూసి పదేళ్ల సంగతి చెప్పేస్తారు. రౌసీని లోకం కనీసం 64 సెకన్లు చూసింది.

అందుకని ఇప్పుడు నా బల్లలో ఇంకొక నోటుబుక్కు ఉంది. జూన్ చివర నా తరగతిలో ప్రతి పిల్లకూ ఒక వరస. చదువు ఆగిపోయే అవకాశం నూటికి ఎంత అనుకుంటున్నానో, ఎందుకో రాస్తాను. 'కోయ' అన్నది కారణంగా రాయకూడదని నాకు నేను పెట్టుకున్న నియమం. అది ఈకల రంగు. ఫిబ్రవరిలో తల్లిదండ్రులు కోతలకు పోతే చూసుకునే నాయనమ్మ ఉందా, వాగు పొంగితే బడికి దారి ఉందా, తెలుగు వినడం మొదలుపెట్టి ఎన్ని నెలలైంది, ఇలాంటివే కారణాలు. ఇంకొక వరస అదనంగా పెట్టాను, ఫైటర్ల పుస్తకంలో లేనిది: ఈ అంకె తగ్గాలంటే నేనేం చేయాలి? అక్కడ "జనవరిలో తల్లితో మాట్లాడాలి, హాస్టల్ సీటు అడగాలి" అని రాసి ఉంటుంది. ఆ పుస్తకం పిల్లలకూ తోటి టీచర్లకూ చూపించను.

మేనల్లుడు ఇప్పుడూ ఆదివారం గుట్టెక్కుతాడు. మా అక్కకు డబ్బు రెండు విడతలుగా తిరిగి ఇచ్చాడు, ఇంకా కొంత ఉంది. పోయిన శనివారం వాడు రాసిన అంకె 55. కారణం దగ్గర "ఇద్దరినీ నేను ఎక్కువ చూడలేదు" అని రాశాడు.

ఏజెన్సీలో పనిచేసే మన టీచర్లు ఈ పుస్తకం చదువుతారని తెలుసు కాబట్టి ఒక మాట అడుగుతాను. ఈ జూన్‌లో మీ స్టాఫ్‌రూములో ఎవరైనా మన పిల్లల గురించి జోస్యం చెబితే పోట్లాడకండి. తేదీ వేసి ఒక కాగితం మీద రాయమనండి. నూటికి ఎంతో, ఎందుకో కూడా రాయించి సంతకం పెట్టించండి. ఏప్రిల్‌లో అందరి ముందూ తెరుద్దాం అనండి.